క కింద ల

ఫిబ్రవరి 3

కళ్ళమ్మా,

నీ పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా మిగిలాయి. పారేయడం ఎందుకని రాస్తున్నాను. అంతకు మించి ఏమీ లేదు.

నువ్వు పోయి పంతొమ్మిది రోజులైంది. ఇవాళ పనిలోకి వెళ్ళాను. లాండ్రీలో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిరి గొట్టం పక్కన గోడ ఇంకా పెచ్చులూడుతూనే ఉంది. పొడుగక్క నన్ను చూసి ఏమీ అనలేదు. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. మడత పెట్టాం. అదయ్యాక ఇంకోటి. అన్నీ హోటల్ దుప్పట్లే, అన్నీ తెల్లవే. సాయంత్రానికి చేతులు నావి కానట్టు అయిపోయాయి. అది బాగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి మీ నాన్న సినిమా హాలుకు, ప్రొజెక్టర్ తిప్పే పనికి వెళ్ళిపోయాడు. నేను పొద్దున్న వెళ్ళేసరికి ఆయన నిద్రలో ఉంటాడు. ఆయన వచ్చేసరికి నేను నిద్రపోయినట్టు ఉంటాను. గురువారం ఒక్కరోజే నాకు సెలవు.

ఫిబ్రవరి 4

ఏమీ లేదు.

ఫిబ్రవరి 6

అట్ట మీద నువ్వు రాసింది చూసి ఇక్కడ ఎక్కిస్తున్నాను. "పేరున్న క్లారాలు."

చూసి రాస్తే వస్తుంది. మిగతా మాటలన్నీ చూడకుండానే వస్తాయి. నీ పేరొక్కటే నాకు చెయ్యి తిరగదు.

మొదటి కాగితంలో నువ్వు ఇలా రాశావు. "క్లారా. లాటిన్ మాట. అర్థం: వెలుగు గలది, తేటగా ఉండేది, పేరు పొందినది." లాటిన్ వాళ్ళు ఎక్కడుంటారే అని ఒకసారి అడిగాను. "ఇప్పుడెక్కడా లేరమ్మా. మనుషులు పోయారు, మాట మిగిలింది" అన్నావు. అంటూ ఏదో పుస్తకానికి అట్ట అంటిస్తున్నావు. గ్రంథాలయంలో పని చాలదన్నట్టు చిరిగిన పుస్తకాలు ఇంటికి కూడా తెచ్చుకునేదానివి. నీ వేళ్ళకి ఎప్పుడూ జిగురే.

పేరు పెట్టింది మీ నాన్న. ప్రొజెక్టర్ గదిలో పాత పోస్టర్ ఒకటి ఉండేది, మాటల్లేని సినిమాల కాలం నాటి నటిది. నువ్వు పుట్టిన రోజు ఆస్పత్రికి వచ్చి, నీ కళ్ళు చూసి, ఆవిడ పేరే పెట్టేశాడు. నాకు నోరు తిరగలేదు. కళ్ళారా, అన్నాను. మీ నాన్న నవ్వి, "అదీ బానే ఉందే, కళ్ళారా చూసుకో" అన్నాడు. అప్పటినుంచి నువ్వు లోకానికి ఆ పేరు, నాకు కళ్ళమ్మవి.

ఫిబ్రవరి 8

ఈ పుస్తకం ఎందుకు మొదలైందో గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే, మర్చిపోయానని కాదు.

నిన్ను బడిలో వేసినప్పుడు సంచి మీద పేరు రాసి పంపమన్నారు. నా దగ్గర లాండ్రీ సిరా ఉంది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి గుర్తులు పెట్టే సిరా, ఉడకబెట్టినా పోదు. దాంతో రాశాను. క రాశాను. ల ఎక్కడ పెట్టాలో తోచలేదు. కింద పెట్టాలి. పక్కన పెట్టాను. దీర్ఘం కూడా ఇవ్వలేదు.

సాయంత్రం ముక్కు చీదుకుంటూ వచ్చావు.

"అమ్మా, నేను రోగాన్నా?"

సంచి మీద కలరా అని ఉంది. బెంచీ మీద నీ పక్కన ఎవరూ కూర్చోలేదట. "కలరా వస్తోందిరోయ్, పారిపోండి" అన్నారట. మీ నాన్న సంచి చేతిలోకి తీసుకుని చదివాడు. నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు. "ఒసేయ్, పిల్లకి పేరు పెట్టమంటే జబ్బు అంటించావు కదే" అన్నాడు. తర్వాత నీ మొహం చూసి ఆపాడు. నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నీ పేరుతో ఎంత గొప్పవాళ్ళున్నారో తెలుసా? రేపు వెళ్ళి వాళ్ళకి చెప్పు" అన్నాడు. ఆయనకి తెలిసింది ఒక్క పోస్టర్ ఆవిడే. ఒకటో నంబరు ఆవిడే అయింది. మిగతావాళ్ళని నువ్వే వెతుక్కున్నావు. ఇరవై రెండేళ్ళు వచ్చినా వెతుకుతూనే ఉన్నావు.

సంచి కుట్లు విప్పి, లోపలివైపు పైకి తిప్పి, మళ్ళీ కుట్టాను. సిరా మాత్రం లోపల అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరి 11

గురువారం. మీ నాన్న చొక్కా గుండీ పెట్టుకుంటూ చెప్పాడు.

"ఫిర్యాదు రాసిచ్చా."

"దేని మీద?"

"దేని మీదేంటే! ఆస్పత్రిలో ఆ చీటీల కౌంటర్ దాని మీద. పేరు సరిగ్గా రాయడం రాదా? కలరా అని రాస్తే బండి తోసేవాడు రోగం అనుకోడా? పిల్లని తీసుకెళ్ళి అంటురోగాల షెడ్డులో పడేశారు. గంటకి పైన!"

"తేడా ఉండేది కాదని డాక్టర్ చెప్పాడుగా. జ్వరం అప్పటికే తలకెక్కిందన్నాడు."

"డాక్టర్లు అట్లాగే అంటారు."

గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. చెప్పలేదు నేను. అలాగే వెళ్ళాడు.

ఎవరో తప్పు రాశారు. అంత జనంలో ఎవరు రాశారో ఎవరికి తెలుస్తుంది.

ఫిబ్రవరి 13

ఒకటో నంబరు చదివాను. పోస్టర్ ఆవిడ. కటిక పేదరికంలో పుట్టిందట. తెర మీద చూడడానికి జనం విరగబడేవారట. మాటల సినిమాలు వచ్చాక మైకు కనిపిస్తే బెదిరిపోయేదట.

ఈ ఇంట్లో ఆవిడకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఫిబ్రవరి 14

చీటీ మీద ఎవరో తప్పు రాశారు.

ఫిబ్రవరి 16

పొడుగక్క ఇవాళ నోరు విప్పింది. "దుప్పటి నీ చేతిలో ఉందా, నువ్వు దుప్పటి చేతిలో ఉన్నావా?" అంది. నేను అంచులు కలపకుండా నిలబడిపోయానట. నవ్వాననుకుంటాను. ఆవిడ దగ్గరికొచ్చి నా చెంప మీది చెమట తన కొంగుతో తుడిచి, "ఏం చేస్తాం చెల్లీ, నీ రాత అది" అంది.

రాత అనగానే దుప్పటి కొస జారిపోయింది. తడి నేల మీద పడింది. మళ్ళీ ఉతకాల్సి వచ్చింది.

నుదుటి రాత గురించి అంది. నాకు తెలుసు.

ఫిబ్రవరి 18

మీ నాన్న పురమాయించాడని రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళాను. వాకిలంతా తెల్లటి పొడి. ఆయన కనుబొమ్మల మీద కూడా పొడే. సమాధి రాయి చూపించాడు. బూడిద రంగుది, నున్నగా ఉంది. చెయ్యి పెడితే చల్లగా ఉంది.

"పేరు రాసివ్వమ్మా" అని కాగితం ఇచ్చాడు.

"చెప్తాను, నువ్వే రాసుకో."

"అదొక్కటి కుదరదు. ఇంట్లోవాళ్ళ చేత్తో రాసిస్తేనే చెక్కుతా. ఇదివరకు ఒకాయన తండ్రి పేరు చెప్తుంటే విని చెక్కాను. ఆఖర్న ఆయన 'అంతే' అన్నాడు. అదీ చెక్కేశా. ఇప్పటికీ ఆ ముసలాయన పేరు కింద 'అంతే' అని ఉంటుంది. కొడుకు నన్ను తిట్టని తిట్టు లేదు. రాయి మీద రబ్బరు పనిచెయ్యదు కదమ్మా."

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెన్ను పట్టుకున్నాను. క రాశాను. అక్కడితో ఆగిపోయింది.

"తొందరేం లేదు. ఇంటికెళ్ళి రాసి పట్రా" అన్నాడాయన. క ఒక్కటే ఉన్న కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

ఫిబ్రవరి 19

నాలుగో నంబరు ఒక సన్యాసిని. జబ్బుతో మంచం మీద ఉండి, ఎక్కడో దూరాన గుడిలో జరుగుతున్న ప్రార్థన తన గది గోడ మీద చూసిందని చెప్పుకుంటారట. అందుకని టీవీలకి ఆవిడనే దేవతను చేశారట. పక్కన నువ్వు, "నాన్నకి చెప్పాలి, మొదటి ఆపరేటర్!" అని రాశావు.

నేనూ మంచం మీద కూర్చుని గోడ చూశాను. గోడ.

ఫిబ్రవరి 20

రెండో నంబరు. యుద్ధంలో దెబ్బలు తగిలిన సిపాయిలకి మందులు, గుడ్డలు మోసుకెళ్ళిన ఆవిడ. ఒకడికి నీళ్ళు తాగిస్తుంటే గుండు ఆవిడ చొక్కా చేతిలోంచి దూసుకుపోయి ఆ సిపాయికి తగిలిందట. చేతిలోనే పోయాడట. ఆ చిల్లు ఆవిడ ఎప్పటికీ కుట్టుకోలేదట.

మా దగ్గరికి చిల్లుల బట్టలు రోజూ వస్తాయి. పొడుగక్క వేలు పెట్టి చూసి, ఇది సిగరెట్టు, ఇది మేకు, ఇది ఎలుక అంటుంది. గుండు చిల్లు మేము చూడలేదు.

యుద్ధమయ్యాక ఆవిడ, జాడ తెలియని సిపాయిలు ఏమయ్యారో వెతికిపెట్టిందట. ఎవరెవరిదో తెలియని సమాధుల మీద ఎవరి పేరు వాళ్ళకి రాయించిందట. వేలమందికి. ఎవరి పేరు వాళ్ళకి. నువ్వు దాని కింద గీత గీశావు. ఎందుకు గీశావో.

ఫిబ్రవరి 23

మధ్యాహ్నం లాండ్రీకి ఒక అమ్మాయి వచ్చింది. కళ్ళజోడు, భుజాన సంచి. బట్టలేమీ తేలేదు.

"సినిమా హాల్ ఆపరేటర్ గారి భార్య మీరేనా అమ్మా?"

"అవును."

"నేను ఆస్పత్రిలో చీటీల కౌంటర్లో ఉండేదాన్ని."

ఉండేదాన్ని అంది. నీకంటే మూడు నాలుగేళ్ళు పెద్దది ఉంటుంది.

"విచారణ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. మా అమ్మకి ఇంకా చెప్పలేదండీ. పొద్దున్నే ఆస్పత్రికన్నట్టు బయల్దేరి, పార్కులో కూర్చుని, సాయంత్రం ఇంటికెళ్తున్నా." నవ్వబోయింది. "పార్కులో కాకులన్నీ నన్ను గుర్తు పడుతున్నాయి."

నేను చేతులు తుడుచుకుంటూ ఉన్నాను. అవి పొడిగానే ఉన్నాయి.

"చీటీలు నేను రాయనమ్మా. ఎవరిది వాళ్ళే రాసిస్తారు, నేను ముద్ర కొడతానంతే. అది మీవారు వినిపించుకోవట్లేదు. ఆ రోజు జనం కిక్కిరిసి ఉన్నారు, నాకు మొహాలు గుర్తు లేవు. మీ ఇంట్లోవాళ్ళే ఎవరో రాసుంటారు. కాస్త గుర్తు చేసుకుంటారా?"

"నాకు తెలీదమ్మా" అన్నాను.

సంచి భుజం మీదికి లాక్కుంది. "ఆరేళ్ళయింది నేను చేరి. ఒక్కమాట పడలేదు. మంచి పేరుండేది నాకక్కడ" అంది. తర్వాత, "మీ అమ్మాయి గురించి బాధగా ఉందండీ. అది ముందు చెప్పాల్సింది" అని వెళ్ళిపోయింది.

పొడుగక్క ఎవరని అడిగింది. బట్టల గురించి అన్నాను.

ఫిబ్రవరి 24

అది నా రాత కాదు.

ఫిబ్రవరి 25

అది నా రాతే.

గురువారం. మీ నాన్న హాలుకు వెళ్ళాక బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక్కసారి రాసేస్తాను. మళ్ళీ రాయను.

ఆ రోజు నిన్ను బండిలో తీసుకెళ్ళాను. జ్వరం నాలుగో రోజు. మీ నాన్న పనిలో ఉన్నాడు. కౌంటర్ దగ్గర వరస గుమ్మం దాకా ఉంది. నువ్వు నా భుజం మీద వాలి ఉన్నావు, నీ ఒళ్ళు ఇస్త్రీ పెట్టెలా కాలిపోతోంది. అద్దం కింది కన్నంలోంచి చీటీ ఇచ్చారు. ఎడమ చేత్తో నిన్ను పట్టుకుని కుడి చేత్తో రాశాను. పెన్నుకి దారం కట్టి ఉంది. దారం పొట్టిది, కాగితం చివరిదాకా రావట్లేదు. వెనక ఒకాయన "కానివ్వండమ్మా, కానివ్వండి" అంటున్నాడు. వయసు రాశాను. జ్వరం అని రాశాను. పేరు దగ్గర క రాశాను. ల పక్కన పెట్టాను. కింద పెట్టాలి. పక్కన పెట్టాను. దీర్ఘం ఇవ్వలేదు. కళ్ళజోడు అమ్మాయి తలెత్తకుండా ముద్ర కొట్టింది.

రోగుల బండి తోసే ఆయన చీటీ చూసి ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. "కలరా కేసు, జరగండి, జరగండి" అని అరిచాడు. వసారాలో జనమంతా గోడకి అంటుకుపోయారు. నిన్ను వెనక షెడ్డుకు తీసుకెళ్ళారు. అక్కడ ఎవరూ లేరు. గోడ గడియారం ఉంది. గంటా పది నిమిషాలకి ఒక నర్సు వచ్చి, ఇదేం కలరా కాదే, ఇక్కడెందుకు పెట్టారు అంది.

ఆ గంటా పది నిమిషాల్లో ఒకసారి నువ్వు కళ్ళు తెరిచావు. మంచానికి కట్టిన చీటీ చూశావు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అమ్మా, మళ్ళీ నన్ను కలరా చేశావా" అన్నావు. నవ్వావు. "నాన్నకి చెప్పకు. నవ్వుతాడు."

తర్వాత నువ్వన్న మాటలు నాకు అర్థం కాలేదు. జ్వరం మాటలు.

తేడా ఉండేది కాదట. డాక్టర్ రెండుసార్లు చెప్పాడు.

నువ్వు చెప్పొద్దన్నావని చెప్పలేదు. అందుకే చెప్పలేదు.

ఫిబ్రవరి 26

అందుకే కాదు.

ఫిబ్రవరి 27

ఆరో నంబరు మనిషి కాదు, ఖడ్గమృగం! చదివి, తప్పు చదివానేమోనని మళ్ళీ కూడబలుక్కుని చదివాను. ఖడ్గమృగమే. పిల్లగా ఉన్నప్పుడే దాని తల్లిని వేటగాళ్ళు చంపేశారట. ఒక దొర ఇంట్లో పెరిగిందట, గదుల్లో తిరుగుతూ, బల్ల మీది కంచాల్లో తింటూ. తర్వాత ఓడ ఎక్కించి దేశదేశాలు తిప్పారట. రాజులు కూడా వచ్చి చూశారట. పక్కన నువ్వు, "అమ్మా, దీనికంటే నేనే సన్నం, ఒప్పుకో" అని రాశావు.

ఒప్పుకున్నాను.

ఇరవై ఏళ్ళకి పోయిందట.

మార్చి 1

పియానో ఆవిడ. ఎనిమిదిమంది పిల్లలు. నలుగురు ఆవిడ బతికుండగానే పోయారు. అయినా కచేరీలు చేస్తూనే ఉందట, ముసలితనం దాకా. ఎలా చేసిందీ నువ్వు రాయలేదు. నీ పుస్తకాల్లో ఉండదేమో.

చేతులకి అలవాటు ఉంటుంది. పొద్దున్నే లేస్తాయి. దుప్పటి అంచులు వెతుక్కుంటాయి.

మీ నాన్న కాగితం చూపించాడు. విచారణ గురువారం. "నువ్వు కూడా రావాలట. ఏమడిగినా నాకు గుర్తు లేదు అను, చాలు" అన్నాడు.

మార్చి 2

పొడుగక్కని అడిగాను. "అక్కా, నీ తప్పుకి ఇంకొకరు మాట పడుతుంటే ఏం చేస్తావు?"

"ఏ చొక్కా తగలబెట్టావే?" అంది.

మార్చి 4

వెళ్ళాం.

చిన్న గది. బల్ల, నాలుగు కుర్చీలు, తలుపు మూస్తే పడని గడియ. బల్ల వెనక ఆస్పత్రి పెద్దాయన. కళ్ళజోడు అమ్మాయి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచి మీద రెండు చేతులు. నన్ను చూసి కొంచెం లేచి మళ్ళీ కూర్చుంది. మీ నాన్న నేను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు.

పెద్దాయన ఫైలులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ రాత మా గుమాస్తాదని మీ ఫిర్యాదు. చూసి చెప్పండి."

"ఆమెదే" అన్నాడు మీ నాన్న. కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"చూసి చెప్పవయ్యా."

"చూసేదేముందండీ. ఆమెదే."

చీటీ ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. నీ సంచి మీద రాత చదివి నేల మీద కూలబడి నవ్విన మనిషి. నేను క రాస్తే తలకట్టు కొక్కెంలా వంగుతుందని ఇరవై ఏళ్ళుగా ఆటపట్టించిన మనిషి. చీటీ వైపు కళ్ళు తిప్పలేదు. ఆ తిప్పకపోవడంలో నాకు తెలిసిపోయింది. ఆయనకి ముందే తెలుసు.

"ఆ రాత నాదండీ" అన్నాను.

"నువ్వు ఊరుకోవే."

"నాదే. క పక్కన ల పెట్టింది నేను. ఈ అమ్మాయి ముద్ర కొట్టింది, అంతకు మించి ఏ పాపం ఎరగదు. మొన్న నా దగ్గరికొచ్చి అడిగితే తెలీదన్నాను. తెలుసు."

పెద్దాయన నన్ను చూశాడు, మీ నాన్నని చూశాడు. "అమ్మా, బాధలో ఉన్నారు. ఆలోచించి చెప్పండి" అన్నాడు.

"కాగితం ఇవ్వండి" అన్నాను.

ఇచ్చాడు. దాని మీద ఆ మాట రాశాను. ఆ తప్పు మాటే, ఆ రోజు ఎలా రాశానో అలాగే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. రెండిట్లోనూ క మీద అదే కొక్కెం. అమ్మాయి కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంది. తర్వాత ఏడ్చింది.

బయట మెట్ల మీద మీ నాన్న ఆగాడు.

"ఎందుకు చెప్పావే?"

"నీకెప్పుడు తెలుసు?"

"ఆ సాయంత్రమే. చీటీ మంచానికి కట్టి ఉంది కదా."

"మరి ఆ పిల్ల మీద ఎందుకు పెట్టావయ్యా ఇదంతా?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఆ పిల్ల ఎక్కడో ఒకచోట బతుకుతుంది. తప్పెక్కడ జరిగిందో నీకు తెలిస్తే నువ్వు బతకవనుకున్నా. ఎవరిదో ఒకరి పేరు చెప్తే నువ్వు అటు చూస్తావనుకున్నా."

"రాసింది నేను. నాకు తెలియకపోవడమేంటయ్యా?"

"జనంలో, కంగారులో, ఏం రాశావో చూసుకోలేదేమోనని."

"అది చూసుకుంది" అన్నాను. "చూసి నవ్వింది. నాన్నకి చెప్పకు, నవ్వుతాడు అంది."

మీ నాన్న మెట్టు మీద కూర్చుండిపోయాడు. మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాడు. భుజాలు ఊగాయి. చాలాసేపు ఊగాయి. నవ్వో ఏడుపో నేను వంగి చూడలేదు. పక్కన నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని మెట్లు ఎక్కారు.

మార్చి 5

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. రెండు జతల తెరలు వచ్చాయి ఉతకడానికి, నీలంవి. నీలం బట్టలు చూసి చాలా రోజులైంది.

మార్చి 6

మీ నాన్నకి వడ్డించిన కంచం మూత పెట్టినట్టే ఉంది.

మార్చి 7

కంచం అలాగే ఉంది. హాలులో ఏమైనా తింటున్నాడేమో.

మార్చి 8

పుస్తకం తెరిస్తే కాగితాల మధ్య సిగరెట్టు బూడిద. ఫిబ్రవరి 25 దగ్గర.

నేను తాగను కదా.

బూడిద ఊదేసి పుస్తకం మళ్ళీ బియ్యం డబ్బా వెనకే పెట్టాను.

మార్చి 9

పని నుంచి వస్తూ రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళాను. దారిలో ఆస్పత్రి. కిటికీలోంచి కౌంటర్ కనిపిస్తుంది. ఆ అమ్మాయి తన చోట ఉంది. చీటీ ఇచ్చిన ముసలాయనకి పేరు పైకి చదివి వినిపిస్తోంది, ఇదేనా, సరిగ్గా ఉందా అని. ముసలాయన చెవి ముందుకు పెట్టి తలూపుతున్నాడు. నేను ఆగలేదు.

రాళ్ళాయన కాగితం ఇచ్చాడు. చూసి రాయొచ్చని నీ పుస్తకం సంచిలో తెచ్చుకున్నాను, తియ్యలేదు.

క రాశాను. క కింద ల పెట్టాను. దీర్ఘం ఇచ్చాను. రా రాశాను.

ఆయన కాగితం ఎత్తి వెలుతురులో పట్టుకుని చదివాడు. "క్లారా. సరేనా అమ్మా? ఇంకేమన్నా రాయాలా?"

తల అడ్డంగా ఊపాను. నోటితో ఏమీ అనలేదు.

"అక్షరం బాగుంది. ఇలాగే చెక్కుతా, ఈ కొక్కెంతో సహా" అన్నాడు. సుద్దతో రాయి మీద గీసుకోవడం మొదలుపెట్టాడు. నేను కాసేపు కూర్చుని చూశాను. లేచేసరికి నా బట్టల నిండా పొడి.

మార్చి 11

ఏమయ్యా,

ఇవాళ నీకు రాస్తున్నాను. నువ్వు చదువుతున్నావని తెలుసు. నేనేమీ దాచలేదులే, దాచినట్టు పెట్టాను.

గురువారం కదా, పొద్దుటినుంచి ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. నువ్వు రెండుసార్లు ఏదో అనబోయావు. నేను ఒకసారి. తర్వాత నువ్వు చొక్కా వేసుకుని వెళ్ళిపోయావు. నోటితో చెప్పుకోవడం మన ఇద్దరికీ ఇంకా కుదరడం లేదు. పోనీలే. ఇందులో చెప్తాను, చదువుకో.

నాకు నీ మీద కోపం లేదు. నీకు నా మీద ఉందో లేదో అడగను. ఉంటే ఉండనీ. ఆ అమ్మాయి దగ్గరికి ఒకసారి వెళ్ళి రావాలి మనం, ఇద్దరం కలిసి. తప్పైంది అని చెప్పాలి. నువ్వు మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడు చాలు.

రాయి వచ్చే బుధవారానికి అవుతుందట. పేరు నేనే రాసిచ్చాను. సరిగ్గానే రాశాను, ఆయన చదివి చెప్పాడు.

నిన్న నీ ప్యాంటు ఇస్త్రీ చేస్తుంటే చూశాను, బెల్టు బిగించే చోట నడుం గుడ్డ రెండు వేళ్ళు ఎక్కువ మడత పడి ఉంది. నువ్వు నాతో అబద్ధం చెప్పినా నీ బట్టలు చెప్పవు. వారం రోజులుగా నువ్వు తినడం లేదు. హాలులో కూడా తినడం లేదు.

అన్నం గిన్నెలో ఉంది. కూర పొయ్యి పక్కన పెట్టి మూత వేశాను. చల్లారితే వేడి చేసుకో. కడుపునిండా తిను.